విశాఖ ఉప్పుగాలిలో పాత ల్యాప్‌టాప్: ఊదితే పోదు, విప్పాల్సిందే

ఐదారేళ్లు దాటిన ల్యాప్‌టాప్ హోరెత్తిపోతోందంటే విశాఖలో ఎక్కడ అడిగినా వచ్చే సలహా ఒకటే: "ఏటీ లేదండీ, బ్లోయర్ పెట్టి ఓసారి ఊదించేయండి, సరిపోద్ది." పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో ఈ సలహా కొంత పనిచేస్తుంది. మన దగ్గర పెద్దగా పనిచేయదు. తేడా అంతా ఇక్కడి దుమ్ములోనే ఉంది.

సముద్రం మీంచి వచ్చే గాలిలో కంటికి కనపడని ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు చుట్టూ ఉన్న నీటి ఆవిరిని లాక్కుని తనంతట తానే కరిగిపోతుంది. వర్షాకాలంలో డబ్బాలో ఉప్పు నీరుకారేది ఇందుకే. విశాఖలో తేమ ఆ హద్దు దాటడం చాలా మామూలు సంగతి. కాబట్టి ఫ్యాన్‌లోకి చేరిన ఉప్పుదుమ్ము రాత్రి చెమ్మగిల్లుతుంది, పగలు ల్యాప్‌టాప్ వేడికి ఎండుతుంది, మళ్లీ చెమ్మగిల్లుతుంది. ఇలా కొన్ని నెలలు గడిస్తే అది దుమ్ముగా మిగలదు, పొరగా గట్టిపడుతుంది. దానికి అగరొత్తుల పొగ, దోమల కాయిల్ జిగురు, చిన్న ఫ్లాట్లలో హాల్లోకి వచ్చే పోపు ఆవిరి తోడవుతాయి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్‌టౌన్ వైపు ఉండేవాళ్లకి పోర్టు బొగ్గుపొడి అదనం. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు కిటికీ పక్కన వాడే మెషీన్ విప్పితే బూడిదరంగు పొర కనిపిస్తుంది, వన్‌టౌన్ మెషీన్లో నల్లటి మసి. రెండూ వేలికి అంటుకుంటాయి. అదే అసలు ఇబ్బంది.

ముందు కొలవాలి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. విండోస్ అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి సెన్సర్ల పేజీ తెరవండి. లైనక్స్ అయితే ఎల్‌ఎం-సెన్సర్స్ చాలు. ల్యాప్‌టాప్‌ని గట్టి బల్ల మీద పెట్టి, ఏమీ నడపకుండా పది నిమిషాలు వదిలేసి ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ వేగం రాసుకోండి. తర్వాత ప్రాసెసర్‌కి నిండా పని పెట్టే సినీబెంచ్ లాంటి పరీక్ష పది నిమిషాలు నడిపి మళ్లీ రాసుకోండి. గదిలో వేడి ఎంత ఉందో కూడా తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఫ్యాన్ ఎంత తిరిగినా ప్రాసెసర్‌ని గది వేడి కన్నా కిందికి దించలేదు. ఏసీలో 25 డిగ్రీల దగ్గర 80 చూపించే మెషీన్, మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీల గదిలో 89 చూపిస్తే అది పాడైనట్టు కాదు. చాలా ల్యాప్‌టాప్‌లకి కంపెనీలు రాసే గది ఉష్ణోగ్రత హద్దే 35 డిగ్రీలు. మన వేసవి ఆ హద్దు మీదే నడుస్తుంది.

ఇప్పుడు అంకెలు చదవడం. పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే 95 దాటి, ఆపగానే అంతే వేగంగా కిందికి పడిపోతే ప్రాసెసర్‌కీ, దాని వేడిని లాగే లోహపు భాగం హీట్‌సింక్‌కీ మధ్య వేడిని దాటించే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా హీట్‌సింక్ సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు. అలా కాకుండా ఐదు నిమిషాలపాటు మెల్లగా ఎక్కుతూ పోయి, పక్కనుంచి వచ్చే గాలి బలహీనంగా, కాలిపోతున్నట్టు ఉంటే దారి మూసుకుపోయింది, అంటే దుమ్ము. ప్రాసెసర్ 98 దగ్గర ఉన్నా బయటికి వచ్చే గాలి చల్లగానే ఉంటే వేడి హీట్‌సింక్ చివరి పల్చటి రేకుల (ఫిన్ల) దాకా చేరడం లేదు. పేస్ట్ పోయి ఉండొచ్చు, అరుదుగా వేడిని అక్కడికి మోసే హీట్‌పైపే చచ్చిపోయి ఉండొచ్చు. వేడి మామూలుగానే ఉండి శబ్దం మాత్రమే ఎక్కువైతే అది ఫ్యాన్ బేరింగ్ గొడవ.

శబ్దాన్ని కూడా వినడం నేర్చుకోవాలి. హోరు అంటే గాలి దారి ఇరుకైంది. గరగర అంటే బేరింగ్ అరిగింది. టిక్ టిక్ అంటే ఏదో వైరు రెక్కలకి తగులుతోంది, లేదా దుమ్ము ఉండ చిక్కుకుంది. సన్నగా కీచుమంటూ, మౌస్ కదిపితే మారే శబ్దం అసలు ఫ్యాన్‌దే కాదు, బోర్డు మీది కాయిల్‌ది, అంటే తీగచుట్టది. దానికి శుభ్రం చేసి లాభం లేదు.

ఇంకొకటి. ఏమీ నడపకుండా ఉన్నప్పుడే ఫ్యాన్ అరుస్తుంటే ముందు టాస్క్ మేనేజర్ చూడండి. యాంటీవైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్, వెనకాల మిగిలిపోయిన బ్రౌజర్ ట్యాబ్ ప్రాసెసర్‌ని ఇరవై శాతం తినేస్తుంటే మీరు ఎంత శుభ్రం చేసినా అది అరుస్తూనే ఉంటుంది.

సామాన్లు

పీహెచ్ జీరో, పీహెచ్ 1 స్టార్ స్క్రూడ్రైవర్లు, కొన్నిటికి ఆరు కోణాల మొన ఉండే టోర్క్స్ టీ5. మూత విప్పడానికి గిటార్ పిక్ లేదా పనికిరాని ప్లాస్టిక్ కార్డు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో మాత్రం మూత లేపకండి, క్లిప్పులు విరుగుతాయి. ఒక అంగుళం మెత్తటి పెయింట్ బ్రష్ కొత్తది, చిన్న చిమటా, కెమెరా లెన్స్ ఊదే రబ్బరు బల్బు, దూది పుల్లలు, నూగు రాలని గుడ్డ. వీటికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరిన్ కలుస్తాయి. మందుల షాపు స్పిరిట్‌లోనూ నీళ్లు ఉంటాయి. థిన్నర్, పెట్రోలు జోలికి అసలు వెళ్లకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

బండ్లకి గాలి కొట్టే కంప్రెసర్ దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. గాలిని నొక్కినప్పుడు అందులో ఉన్న తేమంతా ట్యాంకులో నీరుగా దిగుతుంది, మన ఊళ్లో అది మరీ ఎక్కువ. పైపు నొక్కగానే ఆ నీళ్లూ కొంచెం నూనె తుంపరా కలిసి మదర్‌బోర్డు మీద పడతాయి. ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ మూతి కూడా బోర్డుకి దగ్గరగా పెట్టొద్దు, దాని మీద స్టాటిక్ కరెంటు పోగవుతుంది. ఈ స్టాటిక్ విషయంలో మాత్రం తేమ మనకి మేలే చేస్తుంది, పొడి ఊళ్లంత భయం ఉండదు. అయినా మొదలుపెట్టే ముందు ఏదైనా ఇనుప కిటికీ ఊచని ఓసారి పట్టుకోండి.

విప్పడం

డెల్, హెచ్‌పీ, లెనోవో తమ మోడళ్లలో చాలావాటికి సర్వీస్ మాన్యువల్‌ని సొంత సైట్లోనే ఉచితంగా పెడతాయి. మోడల్ నంబరుతో అది దించుకుంటే ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో ఉంటుంది. యూట్యూబ్ వీడియో కన్నా అది నయం.

విండోస్‌లో మామూలుగా షట్‌డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ తీసి, తిప్పి పెట్టి, ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, తీసిన ప్రతి స్క్రూని కాగితం మీద అదే చోట గుచ్చండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే కీబోర్డు ఉబ్బుతుంది, టచ్‌ప్యాడ్ క్లిక్ ఆగిపోతుంది, ఒక్కోసారి బోర్డే చిల్లు పడుతుంది. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ కింద దాక్కున్న స్క్రూలు ఉంటాయి. మూత ఒకచోట మొరాయిస్తే లాగకండి, అక్కడ ఇంకో స్క్రూ ఉందనే అర్థం. పాత ప్లాస్టిక్ పెళుసు, ముఖ్యంగా హింజ్ దగ్గర.

మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి ఉంచండి, మిగిలిన కరెంటు పోతుంది. బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బి ఉందేమో వేలితో తడిమి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత బల్ల మీద సమంగా కూర్చోకపోయినా అనుమానం అక్కడే. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ బిగించకూడదు. బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీదే నడిచే మోడల్ అయితే కొత్తది వచ్చేదాకా అలా నడపండి. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి.

ఫ్యాన్ వెనక ఏముంటుంది

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మూత తీయగానే ఫ్యాన్ పైన కొంచెం దుమ్ము కనిపిస్తుంది, బ్రష్‌తో దులిపేసి మూసేస్తారు. కానీ గాలిని అడ్డుకునేది అది కాదు. ఫ్యాన్ విసిరిన గాలి పల్చటి లోహపు రేకుల గుత్తిలోంచి, అంటే ఫిన్లలోంచి బయటికి వెళ్లాలి. నూగు, జుట్టు, దారప్పోగులు ఆ రేకుల మధ్య దూరలేక ఫ్యాన్‌కీ ఫిన్లకీ మధ్య ఉన్న సందులో పేరుకుంటాయి. పైనుంచి చూస్తే కనపడదు, పక్క గ్రిల్ లోంచి టార్చి వేసినా సరిగా కనపడదు. ఫ్యాన్ ఊడదీస్తేనే కనిపిస్తుంది: రెండు మూడు మిల్లీమీటర్ల మందాన, ఫిన్ల పొడవునా, తడి కంబళి ముక్కలా ఒకే పొర. చిమటాతో ఒక మూల పట్టుకుని మెల్లగా లాగితే మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. సముద్రం పక్క ఇళ్ల మెషీన్లలో దాని ఒక వైపు మెత్తగా, ఫిన్లకు అంటిన వైపు పెళుసుగా ఉంటుంది. వెలుగులో పట్టి చూస్తే ఆ పెళుసు వైపు సన్నటి మెరుపు కనిపిస్తుంది, అది ఉప్పు.

బయటి గ్రిల్ నుంచి బ్లోయర్ కొడితే ఏమవుతుందో ఇప్పుడు తేలిగ్గా ఊహించొచ్చు. ఈ పొర చీలి, ముక్కలు వెనక్కి ఫ్యాన్ రెక్కల్లోకి పోతాయి. కొన్నిరోజులు బాగున్నట్టే ఉండి మళ్లీ అదే చోటికి వచ్చి అతుక్కుంటాయి. దీనికితోడు బ్లోయర్ గాలికి ఫ్యాన్ తన పరిమితికి మించి గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది, తిరిగే మోటారు జనరేటర్‌లా పనిచేసి బోర్డులోకి వోల్టేజీ కూడా పంపగలదు. ఎప్పుడు గాలి ఊదినా రెక్కల మధ్య ఒక టూత్‌పిక్ పెట్టి ఫ్యాన్ కదలకుండా ఆపాలి.

ఫ్యాన్‌కి సాధారణంగా రెండు మూడు స్క్రూలు, ఒక చిన్న కనెక్టర్. వైర్లు పట్టుకుని లాగితే సాకెట్ బోర్డు నుంచి ఊడి వస్తుంది, కాబట్టి ప్లాస్టిక్ భాగాన్నే గోటితో అటూ ఇటూ కదుపుతూ జరపండి. ఫ్యాన్‌కీ ఫిన్లకీ మధ్య నల్ల టేపు ఉంటే చింపకుండా ఒక వైపు నుంచి ఊడదీయండి. గాలి పక్కదారి పట్టకుండా ఆపేది ఆ టేపే. చిరిగితే తిరిగి బిగించేటప్పుడు వేడికి తట్టుకునే కాప్టన్ టేపు వేయాలి. అల్యూమినియం టేపు మాత్రం వద్దు, ఊడి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

రెక్కల్ని ఆల్కహాల్ తగిలించిన దూది పుల్లతో రెండు వైపులా తుడవండి. గాలిని కోసే అంచు మీద పేరుకున్న సన్నటి గార కూడా శబ్దం పెంచుతుంది. తుడిచాక వేలితో తిప్పి వదలండి: చప్పుడు లేకుండా కాసేపు తిరగాలి. వెంటనే ఆగిపోయినా, చక్రం పక్కలకి ఊగినా బేరింగ్ పని అయిపోయినట్టే. చాలా ల్యాప్‌టాప్ ఫ్యాన్లలో రెక్కల చక్రం అయస్కాంతం మీదే నిలబడి ఉంటుంది, నిటారుగా లాగితే వస్తుంది. లోపలి ఇరుసు తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒకే ఒక్క బొట్టు వేస్తే కొన్ని నెలలు గడుస్తుంది. కొబ్బరినూనె వేస్తే జిగురవుతుంది. డబ్ల్యూడీ-40 ఉన్న నూనెని కూడా కడిగేసి ఆవిరైపోతుంది. నా ఉద్దేశంలో నూనె వేయడం కొత్త ఫ్యాన్ వచ్చేదాకా గడుపుకోవడానికే. కొత్తది తెప్పించేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ కాకుండా ఫ్యాన్ స్టిక్కర్ మీది పార్ట్ నంబరు చూడాలి. ఒకే మోడల్లో గ్రాఫిక్స్ చిప్ ఉన్నదానికీ లేనిదానికీ ఫ్యాన్ వేరుగా ఉండొచ్చు. వోల్టేజీ, పిన్నుల సంఖ్య, రెక్కలు తిరిగే వైపు, కుడి ఎడమ కూడా సరిపోవాలి. పాత ఫ్యాన్ తుడిచి కొత్తదని అమ్మడం ఉంది. రెక్కల మొదట్లో, స్క్రూ రంధ్రాల చుట్టూ చూస్తే తెలిసిపోతుంది.

ఫిన్లు ఇంకా జిగురుగా ఉంటే బ్రష్‌ని ఆల్కహాల్‌లో ముంచి రేకుల పొడవునా రుద్దండి, అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. హీట్‌సింక్ మొత్తం బోర్డు నుంచి తీసేసి, ఫ్యాన్, థర్మల్ ప్యాడ్లు (చిప్‌ల వేడిని దాటించే మెత్తటి ముక్కలు) లేకుండా ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి కడగొచ్చు. ఉప్పుకి ఆల్కహాల్ కన్నా నీళ్లే సరైన మందు, ఉప్పు 99 శాతం ఆల్కహాల్‌లో సరిగా కరగదు. కడిగాక శుభ్రమైన నీళ్లు, ఆఖర్న ఆల్కహాల్, తర్వాత ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టడం. రాగి మీద పచ్చటి మరకలు, అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తే ఉప్పు కొరకడం మొదలైందన్నమాట. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. రేకులు వేలు తగిలితే విరిగిపోతుంటే హీట్‌సింక్ మార్చాలి. హీట్‌పైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వంచకండి. అందులో గాలి తీసేసి కొద్దిపాటి నీళ్లు పోసి మూసి ఉంటాయి, లోపలి గోడకి ఒత్తులాంటి పొర ఉంటుంది. నొక్కు పడితే ఆ పొర తెగుతుంది, పైపు చూడ్డానికి బాగానే ఉన్నా వేడి మొయ్యదు.

పేస్ట్

కొలతల్లో పేస్ట్ అనుమానం రాకపోతే హీట్‌సింక్ కదపకండి. ఒకసారి కదిపితే మాత్రం పేస్ట్ కొత్తగా వేయాల్సిందే, పాతదాని మీదే మళ్లీ కూర్చోబెడితే మధ్యలో గాలి బుడగలు ఉండిపోతాయి.

విప్పే ముందు ఐదు నిమిషాలు మెషీన్ నడిపి ఆపితే పాత పేస్ట్ మెత్తబడుతుంది. చాలా మోడళ్లలో హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు చెక్కి ఉంటాయి. తీసేటప్పుడు ఎక్కువ అంకె నుంచి తక్కువకి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడు 1 నుంచి వరసగా, రెండు విడతల్లో. ఒక స్క్రూని పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళితే ప్రాసెసర్ అద్దంలాంటి చిప్ మూల పగలొచ్చు. ల్యాప్‌టాప్ చిప్‌కి డెస్క్‌టాప్‌లో లాగా పైన లోహపు మూత ఉండదు. అతుక్కుపోయి ఉంటే పైకి పీకకుండా కొంచెం మెలితిప్పండి.

పాత పేస్ట్‌ని గుడ్డా ఆల్కహాల్‌తో రెండు వైపులా మెరిసేదాకా తుడవాలి. కొత్తది ఆర్కిటిక్ ఎంఎక్స్-6, నాక్టువా ఎన్‌టీ-హెచ్1 లాంటివి దొరుకుతాయి. బియ్యపు గింజంత పెట్టి, ప్లాస్టిక్ కార్డుతో చిప్ అంతా కప్పేలా పల్చగా పరవండి. చిప్‌లో ఏ మూలా ఖాళీ ఉండకూడదు. కాస్త ఎక్కువైనా ఇవి కరెంటు పారించవు కాబట్టి నష్టం లేదు, తక్కువైతేనే చేటు. రేడియో రిపేర్ షాపుల్లో చిన్న డబ్బాల్లో అమ్మే తెల్ల సిలికాన్ కాంపౌండ్ కొన్ని సర్వీస్ బల్లల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ట్రాన్సిస్టర్లకి అది చాలు, ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి చాలదు. వేడిని మోసే శక్తి తక్కువ, త్వరగా సుద్దలా ఎండిపోతుంది.

మామూలు పేస్ట్‌తో ల్యాప్‌టాప్‌లలో ఇంకో ఇబ్బంది ఉంది. చిప్ వేడెక్కి వ్యాకోచించి, చల్లారి సంకోచించి, ఆ కదలికకి పేస్ట్ అంచుల వైపు కారిపోతుంది. పల్చటి పేస్ట్ మరీ త్వరగా. అందుకే హనీవెల్ పీటీఎం7950 అనే ఫేజ్ చేంజ్ షీట్ పాత ల్యాప్‌టాప్‌లకి నాకు ఎక్కువ నచ్చుతుంది. గది వేడిలో రేకులా ఉంటుంది, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది, కారిపోదు. చిప్ కొలతకి కత్తిరించి అంటించడమే. పైనున్న ప్లాస్టిక్ పొర తేలిగ్గా ఊడాలని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమంటారు. విశాఖలో ఇక్కడ జాగ్రత్త: ఫ్రిజ్ లోంచి తీయగానే దాని మీద చెమ్మ పట్టేస్తుంది. జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, హీట్‌సింక్ అంతా సిద్ధం చేసుకున్నాకే తీసి వెంటనే అంటించండి. దీని ఫలితం మొదటి రోజే కనపడదు, చాలాసార్లు వేడెక్కి చల్లారాక కుదురుకుంటుంది. నకిలీలు బాగా తిరుగుతున్నాయి, మరీ చవకగా వస్తే అనుమానించాలి. లిక్విడ్ మెటల్ మాత్రం ఇంట్లో వద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క జారితే బోర్డు షార్ట్.

థర్మల్ ప్యాడ్లు మెమరీ చిప్‌ల మీదా, కరెంటు సరఫరా భాగాల మీదా ఉంటాయి. చిరగకపోతే వాటినే వాడండి. మార్చాల్సివస్తే మందం తప్పకూడదు: అర మిల్లీమీటరు ఉన్నచోట ఒక మిల్లీమీటరు పెడితే హీట్‌సింక్ ప్రాసెసర్ మీద ఆనదు. "సర్వీసింగ్ చేయించాక ఇంకా వేడెక్కుతోంది" అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే.

మూత క్లిప్పులు వేసేముందు బ్యాటరీ కలిపి ఓసారి ఆన్ చేయండి. ఫ్యాన్ కనెక్టర్ సరిగా కూర్చోకపోతే థింక్‌ప్యాడ్ ఫ్యాన్ ఎర్రర్ అంటుంది, హెచ్‌పీ 90బి అనే కోడ్ చూపిస్తుంది. మూత బిగించాక అది చూసి మళ్లీ అన్ని స్క్రూలూ విప్పడం కన్నా ఇదే నయం.

షాపులో చేయిస్తే

విప్పడానికి చేతులు రాకపోతే డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో ఇచ్చేయొచ్చు, తప్పేం లేదు. కానీ "సర్వీసింగ్ చేయండి" అని మాత్రం చెప్పకండి, ఆ మాటకి అర్థం బల్లకో రకంగా ఉంటుంది. "అన్నా, ఫ్యాన్ ఊడదీసి ఫిన్ల వైపు ఉన్న పొర తీయాలి, ఏ పేస్ట్ వేస్తున్నారో ట్యూబ్ చూపించండి, ప్యాడ్లు పాతవే ఉంచండి" అని విడివిడిగా అడగండి. మీ ఎదురుగా విప్పమనండి. కుదరదంటే ఫ్యాన్ తీసినప్పుడు ఒక ఫోటో పంపమనండి. ఇచ్చేముందు రాసుకున్న అంకెలు ఉన్నాయి కదా, తీసుకునేటప్పుడు అదే పరీక్ష అక్కడే నడపండి. పనితనం తెలిసినవాళ్లు దీనికి విసుక్కోరు.

శబ్దం తగ్గించే సెట్టింగులు

ప్రాసెసర్ టర్బోలోకి, అంటే మామూలు వేగం దాటి పరిగెత్తే స్థితిలోకి వెళ్లినప్పుడు కొంచెం వేగానికి చాలా వేడి పుట్టిస్తుంది. విండోస్ పాత కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 చేస్తే చాలా ఇంటెల్ మెషీన్లలో టర్బో ఆగిపోతుంది. వర్డ్, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసులకి తేడా పెద్దగా తెలియదు, ఫ్యాన్ మాత్రం నోరు మూస్తుంది. కొన్ని మోడళ్లలో ఆ వరస కనిపించదు, అప్పుడు పవర్ మోడ్‌ని పొదుపు వైపు పెట్టండి. చాలా లెనోవోల్లో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే నిశ్శబ్ద మోడ్ వస్తుంది. లైనక్స్‌లో టీఎల్‌పీ, థర్మల్‌డీ అనే సాఫ్ట్‌వేర్లు వేస్తే చాలావరకు అవే చూసుకుంటాయి.

థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో అండర్‌వోల్ట్ చేయమని, అంటే ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ తగ్గించమని పాత వీడియోలు చెబుతాయి. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన బయోస్ అప్‌డేట్లు చాలా మెషీన్లలో ఆ దారి మూసేశాయి. మీ దాంట్లో తెరిచే ఉంటే 50 మిల్లీవోల్టులు తగ్గించడంతో మొదలుపెట్టండి. హ్యాంగ్ అయితే వెనక్కి రండి.

ఎక్కువమందికి తట్టనిది యూట్యూబ్. యూట్యూబ్ వీడియోలు వచ్చే వీపీ9 అనే రూపాన్ని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పే సత్తా ఇంటెల్‌లో 7వ తరం నుంచి వచ్చింది, ఏవీ1 అనే ఇంకా కొత్త రూపానికి 11వ తరం నుంచి. అంతకన్నా పాత ప్రాసెసర్ ఆ పనంతా తన నెత్తినే వేసుకుని కాలిపోతుంది. హెచ్264ఇఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 రూపంలో పంపుతుంది. నాణ్యత 1080 దగ్గర ఆగుతుంది, ఫ్యాన్ కూడా ఆగుతుంది. పాత స్క్రీన్‌కి 1080 చాలు.

బ్యాటరీ ఛార్జి 80 శాతం దగ్గర ఆగేలా డెల్, లెనోవో, అసుస్ సొంత సాఫ్ట్‌వేర్లలో ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉండే మెషీన్‌కి ఇది తప్పనిసరి. వేడీ నిండు ఛార్జీ కలిస్తే బ్యాటరీ త్వరగా ఉబ్బుతుంది. ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయండి, గుర్రుమనే శబ్దంలో ఒక వాటా దానిదే.

ఎక్కడ పెట్టుకోవాలి, ఎలా దాచాలి

పరుపు మీద పెడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ఇది అందరికీ తెలిసిందే. వెనక వైపు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తు పెడితే, రెండు సీసా మూతలతో అయినా సరే, మంచి తేడా వస్తుంది. అరిగిపోయిన రబ్బరు కాళ్లు మార్చినా ఇదే ఫలితం. కూలింగ్ ప్యాడ్‌లు కింద గాలి రంధ్రాలున్న మోడళ్లకే పనికొస్తాయి. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెడితే గది చల్లబడదు, కిటికీ లోంచి వచ్చే ఉప్పూ దుమ్మూ నేరుగా మెషీన్లోకి పోతాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక సముద్రం వైపు కిటికీ పక్క నుంచి బల్ల జరపగలిగితే జరపండి.

ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి వెంటనే ఆన్ చేయొద్దు. కళ్లజోడు మీద పట్టినట్టే లోపల కూడా చెమ్మ పడుతుంది. బ్యాగులోనే అరగంట ఉంచి తీయండి. రోజూ వాడని మెషీన్‌ని బీరువాలో పడేస్తే తేమకి ఎక్కువ చెడుతుంది. వానాకాలంలో వారానికోసారి గంటసేపు నడిపితే లోపలి చెమ్మ ఆరిపోతుంది. బ్యాగులో రంగు మారే సిలికా జెల్ పెట్టండి, రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

సముద్రానికి దగ్గరగా, పోర్టుకి దగ్గరగా ఉండేవాళ్లు ఆరు నెలలకోసారి ఫ్యాన్ తీసి చూడాలి. మధురవాడ, పెందుర్తి లాంటి లోపలి వైపు ఏడాదికోసారి చాలు. పేస్ట్‌కి గడువు పెట్టుకోకండి, అంకెలే చెబుతాయి.

అన్నీ అయ్యాక వారం వాడి, అదే పరీక్ష, గది వేడి అంతే ఉన్న సమయంలో మళ్లీ నడపండి. మునుపటికన్నా తగ్గితే సరే. ఎక్కువైతే ముందు ప్యాడ్ల మందం చూడండి, తర్వాత హీట్‌సింక్ స్క్రూల్లో ఏదైనా వదులుగా ఉందేమో, తర్వాత ఫ్యాన్ పక్క టేపు. మూడూ, వాటితోపాటు పేస్ట్ కూడా సరిగ్గా ఉండి, ప్రాసెసర్ కాలుతున్నా ఫిన్లు చల్లగానే ఉంటే హీట్‌పైపు పోయింది, పార్ట్ నంబరు చూసి హీట్‌సింక్ కొత్తది తెప్పించాలి.